చర్చి గోడ చెమ్మకు మసీదు చూరులో దొరికిన జవాబు: ఒక కేస్ స్టడీ

మధ్య కేరళలో నది ఒడ్డున ఉన్న ఓ పాత ఆర్థడాక్స్ సిరియన్ చర్చిలో గోడ బొమ్మలు రాలిపోతున్నాయని, పాత కట్టడాల మరమ్మతు చేసే మా బృందాన్ని పిలిచారు. బొమ్మల జోలికి వెళ్లేలోపు మేం వాకిలి తవ్వాం, వాసాలు పొడిగించాం, సిమెంటు ఊడదీశాం. అవతలి ఒడ్డున ఉన్న పాత మసీదు అటక ఎక్కి కొలతలు కూడా తీసుకొచ్చాం. ఒక ప్రాంతంలోని ప్రార్థనా స్థలాలను మతాలవారీగా విడదీసి చూస్తే మరమ్మతు చేసేవాడికి సగం సమాచారం అందదు. ఆ మాట వాదనగా కాకుండా పనిలో ఎలా తేలిందో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను. ఊరు, ఇడవక (అక్కడ చర్చి సభ్యుల సమాజాన్ని అలాగే అంటారు), మనుషులు గుర్తుపట్టేలా ఉన్న వివరాలు వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

కొట్టాయం చుట్టుపక్కల తిరిగినవారికి ఈ కట్టడాల తీరు వెంటనే తెలిసిపోతుంది. కొట్టాయంలోని వలియపళ్లి 1550 నాటిది. పహ్లవీ (పాత పర్షియా) లిపి చెక్కిన పాత రాతి శిలువలు అక్కడున్నాయి. దానికి దగ్గర్లోనే 1579లో కట్టిన ఆర్థడాక్స్ చర్చి చెరియపళ్లి, మద్బహా గోడల మీద బొమ్మలతో ఉంది. మద్బహా అంటే తెర వెనుక ఉండే బలిపీఠపు గది. అదే ఊళ్లో మీనచ్చిల్ నది ఒడ్డున తాళత్తంగాడి జుమా మసీదు ఉంది. వెయ్యేళ్ల నాటిదని స్థానికులు చెప్పుకుంటారు. దానికి గుమ్మటం లేదు, మినార్లు లేవు. ఏటవాలు పెంకుల కప్పు, చెక్కడపు పనితో నిండిన చెక్క ముఖం. కోళికోడ్ కుట్టిచిరలోని మిష్కాల్ మసీదుదీ అదే పోలిక. 1510లో పోర్చుగీసువాళ్లు తగలబెట్టాక దాన్ని మళ్లీ నిలబెట్టారు. అదీ అంతస్తుల పెంకుల కప్పుతోనే.

ఇలా ఎందుకంటే, ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట కప్పు ఎలా ఉండాలో వానే చెబుతుంది. ఆ కప్పు కట్టింది ఆశారి కుటుంబాలు, అంటే మన వడ్రంగుల వంటి విశ్వకర్మలు. గుడికైనా, చర్చికైనా, మసీదుకైనా పని చేసింది వాళ్లే, కొలతల లెక్క వాళ్లదే. చర్చిలకు పడమటి ముఖాన పోర్చుగీసు తరహా ఎత్తైన గోడ తర్వాత వచ్చి చేరింది. దాని వెనక్కి వెళ్లి చూస్తే మళ్లీ అదే లేటరైట్ (అక్కడి ఎర్ర రాయి) గోడ, అదే వాసాల అల్లిక.

ఇప్పుడు ఈ కట్టడాలు తగ్గిపోతున్నాయి. 1970ల తర్వాత గల్ఫ్ డబ్బు వచ్చింది, జనాభా పెరిగింది, చోటు చాలలేదు. చాలా మసీదులు గుమ్మటాలతో, చాలా చర్చిలు గోతిక్ గోపురాలతో కాంక్రీటులో మళ్లీ లేచాయి. చోటు చాలక కట్టుకున్నవారిని నేను తప్పుపట్టను. ఉన్నవాటినైనా సరిగ్గా చూసుకోవాలన్నదే నా పట్టుదల.

వచ్చిన సమస్య

మద్బహా పక్క గోడ మీద మూడు వరసల బొమ్మలు. కింది వరస దాదాపు పోయింది, మధ్య వరస పొడిపొడిగా రాలుతోంది. వేలు ఆనిస్తే గోధుమ రంగు ధూళి అంటుకుంటుంది. దగ్గరగా టార్చి వేసి చూస్తే రంగు పొర కింద తెల్లటి ఉప్పు సూదులు నిలబడి, రంగును పైకి నెట్టేస్తున్నాయి. అంతకుముందు ఎవరో ‘రక్షణ పూత’ పేరుతో పారదర్శకమైన ప్లాస్టిక్ రెజిన్ పూశారు. పూత ఉన్నచోట బొమ్మ మెరుస్తోంది. ఆ మెరుపు పెచ్చులుగా లేచినచోట రంగు కూడా దానితోనే లేచిపోయింది.

ఇడవకవారికి రెండు నమ్మకాలు ఉన్నాయి. ఒకటి, 2018 ఆగస్టు వరదల్లో నీళ్లు లోపలికొచ్చాయి కాబట్టి ఇదంతా వరద వల్లే. రెండు, మంచి చిత్రకారుణ్ని పిలిచి రంగులు దిద్దిస్తే సరిపోతుంది. పెరున్నాళ్ అంటే వాళ్ల చర్చి పండగ. అది దగ్గరపడుతోందని కమిటీవారికి టెన్షన్.

వరద మాట మొదట పరీక్షించాం. వరదే కారణమైతే తడి గీత అన్ని గోడల మీదా ఒకే ఎత్తులో ఉండాలి. ఇక్కడ ఉత్తరపు గోడ మీద నడుం ఎత్తుకు, దక్షిణాన మోకాలి ఎత్తుకు ఉంది. పైగా గోడ తలకట్టు దగ్గర, కప్పు కింద ఇంకో తడి పట్టీ కనబడింది. వరద నీరు అక్కడిదాకా ఎక్కలేదు. బొమ్మలు లేని చోట్ల సన్న రంధ్రాలు వేసి, వేర్వేరు ఎత్తుల్లో వచ్చిన పొడిని తూచి, ఆరబెట్టి మళ్లీ తూచాం. వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి. తేమ కొలిచే మీటరు పెట్టి చూడొచ్చు కదా అని కొందరు అడుగుతారు. అది కరెంటుతో కొలుస్తుంది, ఉప్పెక్కిన గోడ మీద ఉన్నదానికంటే ఎక్కువ తడి చూపిస్తుంది. అందుకే ఆలస్యమైనా తూకాన్నే నమ్ముకున్నాం.

నీళ్లు రెండు దారుల్లో వస్తున్నాయని తేలింది, కింద నేల నుంచి, పైన చూరు నుంచి. ఉప్పులో నైట్రేట్లు ఎక్కువగా ఉన్నాయి. ఉత్తరపు గోడ పక్కన ఒకప్పుడు సమాధులు ఉండేవని పెద్దవాళ్లు చెప్పాక ఆ సంగతి అర్థమైంది. నైట్రేట్లు గాల్లో తేమను కూడా లాగేస్తాయి. వాన లేని రోజు కూడా గోడ చెమర్చడానికి అదే కారణం.

ఇక గోడ ఎందుకు ఆరడం లేదన్న ప్రశ్న. బయట సిమెంటు పూత. లోపల బొమ్మలు లేనిచోట ఎమల్షన్ పెయింటు. నేలంతా విట్రిఫైడ్ టైల్స్. వాకిట్లో ఇంటర్‌లాక్ రాళ్లు పరిచి ఎత్తు పెంచడంతో ప్లింత్ (గోడ అడుగున ఉండే అరుగు మట్టం) దాదాపు మునిగిపోయింది. కప్పు మార్చినప్పుడు వాసాల కొసలు పుచ్చిపోయాయని కోసేసి, కోసినచోట గొట్టపు చూరుకాలువ బిగించారు. ఒక్కోటీ ఒక్కో పెరున్నాళ్‌కి, ఎవరో ఒకరి మొక్కుబడితో, భక్తితో చేసిన పనే. వాళ్ల భక్తిని గౌరవించకుండా ఆ పనుల్ని విప్పడం కుదరదని మాకు మొదట్లోనే అర్థమైంది.

చేసి చూసినవి, నిలవనివి

ప్లింత్ పైన రంధ్రాలు వేసి నీటిని ఆపే రసాయనం ఎక్కిస్తే నేల చెమ్మ ఆగుతుందని ఒక సలహా అప్పటికే కమిటీ ముందు ఉంది. తవ్వకం లేని పని కాబట్టి వాళ్లకది నచ్చింది. మాకు అనుమానం ఉన్నా కాదనలేదు. బొమ్మలకు దూరంగా వెనక గోడలో ఓ ముక్క మీద చేసి చూద్దామన్నాం. లేటరైట్ బెజ్జాల రాయి. అలాంటి గోడ మధ్యలో మట్టి, రాళ్ల ముక్కలు, ఖాళీలు ఉంటాయి. రసాయనం పొరలా పరుచుకోకుండా ఆ ఖాళీల్లోకి జారిపోయింది. ఎంత పోసినా తాగుతూనే ఉంది. వానల తర్వాత తూకం వేస్తే తేడా లేదు. ఆ ముక్క కమిటీ కళ్ల ముందే తడిసి ఉండటం తర్వాత వాకిలి తవ్వకానికి ఒప్పించడంలో చాలా ఉపయోగపడింది.

రెండోది సున్నం. నేను సున్నపు పని నేర్చుకున్నది హైదరాబాద్‌లో. కుతుబ్ షాహీ సమాధుల మీద 20వ శతాబ్దంలో వేసిన సిమెంటును తీసి సున్నం వేసిన తీరు ఆ పని చేసే మాబోటివాళ్లందరికీ పాఠం. కానీ హైదరాబాద్‌లో ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అక్కడి పాళ్లు ఇక్కడ పనికొస్తాయన్న హామీ లేదు కాబట్టి వెనక గోడ మీద రకరకాల నమూనాలు వేయించాం. వేంబనాడ్ సరస్సు గుల్లలు కాల్చిన సున్నం అక్కడ దొరుకుతుంది, చాలా తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఉత్త గుల్ల సున్నం, ఇసుక కలిపిన నమూనా నదివైపు గోడ మీద నెలలు గడిచినా గోరు గుచ్చితే దిగిపోయేలా ఉండిపోయింది. సున్నం గట్టిపడాలంటే గాల్లోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవాలి. బెజ్జాలన్నీ నీటితో నిండి ఉంటే గాలి ఎక్కడ దూరుతుంది? మెత్తగా దంచిన ఇటుక పొడి, అంటే సుర్ఖీ, కలిపిన నమూనా మాత్రం తడిలో కూడా పట్టు సాధించింది. కాల్చిన మట్టి సున్నంతో కలిసి నీళ్లలోనే గట్టిపడుతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో కలిపినది పని చేయడానికి హాయిగా ఉంది, పగుళ్లు తక్కువ. చివరికి సుర్ఖీ పాళ్లు, కరక్కాయ నీళ్లు రెండూ తీసుకున్నాం.

పైనుంచి వచ్చే తడికి జవాబు మాత్రం దొరకలేదు. చూరుకాలువ పెద్దది పెట్టాం, ఆకులు పడి నిండింది. జాలీ పెట్టాం, జోరువానలో నీరు జాలీ మీదుగా పొర్లి గోడ తలకట్టు మీదికే పోయింది. పాత చూరు ఎంత ముందుకు వచ్చేదో తెలిపే ఫొటో గానీ గీత గానీ చర్చిలో లేదు.

అవతలి ఒడ్డు

మాతో పనిచేస్తున్న ముసలి ఆశారి ఒకరోజు కోసేసిన వాసం కొసను తడిమి చూసి, “సార్, ఈ కొలత మా తాతలది కాదు. ఆ కొలత చూడాలంటే అవతలి ఒడ్డుకు రండి” అన్నాడు. వాళ్ల తాతలు అక్కడి మసీదు కప్పు కూడా మరమ్మతు చేశారట. మహల్లు, అంటే ఆ మసీదు సభ్యుల సమాజం, దాని కమిటీ పెద్దాయనను కలిసి విషయం చెప్పాం. చర్చి కోసమని దాచలేదు. ఆయన కాసేపు ఆలోచించి, “కొలుచుకోండి. అసర్ నమాజు వేళకు మాత్రం దిగిపోవాలి” అన్నారు.

ఆ అటక నాకు బాగా గుర్తుంది. వాసాలన్నిటికీ ఒకే ఎత్తులో రంధ్రం చేసి, పూలదండలో దారంలా ఒక సన్నటి కర్రను వాటన్నిటి గుండా గుచ్చారు. ఏ వాసమూ పక్కకు ఒరగదు, మేకు లేదు. గోడ తలకట్టుకూ కప్పుకూ మధ్య జానెడు ఖాళీ, దానికి నిలువు చెక్క పలకల వరస. ఆ సందుల్లోంచి నది గాలి మొహానికి కొడుతోంది. వాసాల కొసలు ఆ గాలికి ఎండి, తడితే గణగణమంటున్నాయి. కింద చూరు గోడను దాటి మూడడుగుల పైచిలుకు ముందుకొచ్చింది. చూరు నీళ్లు పడే చోట రాళ్లు పరచలేదు. గులకరాళ్లు, ఇసుక పోసి, వాలుగా నదివైపుకు వదిలేశారు.

తిరిగొచ్చి చర్చి తలకట్టు చూస్తే అక్కడా అదే ఖాళీ ఉండేదని తెలిసింది. గబ్బిలాలు దూరుతున్నాయని ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. గాలి ఆగింది, వాసాల కొసలు పుచ్చాయి. పుచ్చాయని కోశారు, చూరు పొట్టిదైంది, నీళ్లు గోడెక్కాయి. విడివిడిగా కనబడిన తప్పులన్నీ ఒక్క గొలుసుగా కలిసింది ఆ సాయంత్రమే. చర్చిని ఎంత పరిశీలించినా ఇది తేలేది కాదు, ఎందుకంటే సాక్ష్యమంతా అక్కడ కోసి పారేశారు. అదే చేతులు, అదే లెక్కతో కట్టిన ఇంకో కట్టడం నిలిచి ఉండబట్టి ఊహ మీద ఆధారపడకుండా బయటపడ్డాం.

ఆ మసీదుకూ దాని కష్టాలు దానికున్నాయి. ముందువైపు కలిపిన కాంక్రీటు హాలు స్లాబు నీళ్లు పాత చెక్క ముఖం మీద పడుతున్నాయి. మేం తీసిన కొలతల గీతలు ఒక ప్రతి వాళ్లకీ ఇచ్చాం, ఆ స్లాబు నీటిని మళ్లించే దారి కూడా గీసి పెట్టాం. అడిగింది తీసుకున్నాక తిరిగి ఇవ్వాల్సింది అదే అనిపించింది.

పని చేసినది

వరస ముఖ్యం. ముందు నీళ్లు ఆపాలి, తర్వాత గోడ ఆరాలి, బొమ్మలు అన్నిటికంటే చివర. బొమ్మల కోసమే పిలిచినవారికి ఈ వరస మింగుడుపడదు. రంధ్రాల తూకం లెక్కలు, తడిసిన రసాయనపు ముక్క, మసీదు చూరు ఫొటో మూడూ పక్కపక్కన పెట్టి సభలో చూపించాం. ఇడవక అచ్చన్, అంటే పూజారి ఫాదర్, మా తరఫున మాట్లాడకపోతే ఒప్పుకునేవారు కారు.

వాకిలి: గోడ వెంట ఇంటర్‌లాక్ రాళ్లు తీసి, ప్లింత్ కిందికి తవ్వి గులకరాళ్లు పోశాం. పెరున్నాళ్ ప్రదక్షిణానికి దారి కావాలన్నారు, అది న్యాయమే. గోడకు దూరంగా దారి వదిలాం. తవ్వేటప్పుడు ప్లింత్ మీద చెక్కిన రాతి అంచు బయటపడింది. అది చూశాక వాకిలి గురించి మళ్లీ ఎవరూ వాదించలేదు.

చూరు: ఇనుప బ్రాకెట్లతో పొడిగించడం చవక, త్వరగా అవుతుంది. కానీ ఆ తేమలో ఇనుము తుప్పు పట్టి చెక్కను చీలుస్తుంది. పాత వాసం బాగున్నంతవరకు ఉంచి, కొత్త అంజిలి కర్రను ఏటవాలు అతుకుతో చెక్క మేకులు దిగేసి కలిపాం. మసీదు కొలతను గుడ్డిగా ఎత్తిరాయలేదు. చర్చి గోడ ఎత్తు ఎక్కువ, అందుకు తగ్గట్టు ఆశారి వాలును చూసుకుని చూరు ఇంకొంచెం ముందుకు తీశాడు. తలకట్టు ఇటుకలు తీసి పలకలు పెట్టాం. గబ్బిలాల బెడద నిజమే కాబట్టి లోపలివైపు స్టీలు జాలీ వచ్చింది.

సిమెంటు: చిన్న ఉలితో, చేత్తో. మెషీన్ పెడితే లేటరైట్ ముఖం సిమెంటుతోపాటే ఊడిపోతుంది. ఊడదీస్తే రాయి చెడుతుందనిపించినచోట సిమెంటును అలాగే వదిలేశాం. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాలు అయ్యాక, డిసెంబరు నుంచి వేసవి వానలు మొదలయ్యేలోపు మాత్రమే సున్నం వేశాం.

మొదటి పూత కావాలనే వదులుగా వేశాం. గోడలోని ఉప్పు దాన్లోకి ఎక్కి అది పాడవ్వాలి, దాన్ని గీకి పారేసి మళ్లీ వేయాలి. పాడవడం కోసమే వేసిన పూత అని ముందే చెప్పినా, తెల్లగా ఉప్పు పూసి రాలుతుంటే “మీ సున్నం కూడా ఇంతేనా” అని కొందరు బాధపడ్డారు. రాలిన పొడిని నీళ్లలో కలిపి, నైట్రేటు పరీక్ష కాగితం ముంచి రంగు మారడం చూపించాం. గోడలోంచి బయటికొచ్చిన ఉప్పును కళ్లతో చూశాక ఓపిక పట్టారు.

నేల టైల్స్ మొత్తం తీయడానికి కమిటీ ఒప్పుకోలేదు. గోడ వెంబడి ఒక పట్టీ మాత్రం తీసి ఎర్ర మట్టి పలకలు పరిచాం. నేల కింద చెమ్మకు గోడలోంచే కాకుండా ఇంకో దారి దొరికితే చాలన్నది మా లెక్క.

బొమ్మల దగ్గరికి వచ్చేసరికి వేరే చిక్కు. మద్బహాలోకి పట్టం (చర్చి సేవకు అభిషేకం) పొందినవారే వెళ్తారు, స్త్రీలు అసలే వెళ్లరు. బొమ్మల పని తెలిసిన మా సహచరి స్త్రీ. మావాళ్లలో కొందరు దీన్ని హక్కుల గొడవగా మార్చాలనుకున్నారు. మేం ముందు అచ్చన్‌ను దారి అడిగాం. కుర్బానా (రొట్టె, ద్రాక్షారసంతో చేసే ప్రధాన ఆరాధన) జరిగేది తబ్లీతో మీద, అంటే అభిషేకించిన చెక్క పలక మీద. దాన్ని పక్క హాలుకు తీసుకెళ్తే ఆరాధన అక్కడ సాగుతుంది. బిషప్ అనుమతితో అలాగే చేశారు. బలిపీఠాన్ని కప్పేశారు. ఆమె పని చేసింది. లోపలి నియమం తెలిసినవారిని అడిగితే ఆ నియమంలోనే దారి కనబడింది.

ఆమె పాత రెజిన్‌ను ద్రావణి అద్దిన దూదితో అంగుళం అంగుళం మెత్తబరిచి తీసింది. లేచిన రంగు పొరల మీద జపాన్ కాగితం (పలచటి గట్టి కాగితం) అంటించి ఆపి, వెనక ఖాళీల్లోకి పల్చటి సున్నపు పాలు ఎక్కించింది. పోయిన ముఖాలను మళ్లీ గీయలేదు. ఆ ఖాళీని పక్క రంగులో కలిసిపోయే సున్నపు పూతతో నింపింది. ఇక్కడ ఇడవకతో నిజమైన భేదం వచ్చింది. “ముఖం లేని అమ్మ ముందు ఎలా ప్రార్థించాలి?” అని ఒక పెద్దావిడ అడిగింది. ఆ ప్రశ్నకు మా వృత్తి నియమాలు జవాబు కావు. పాత గోడను తాకకుండా దాని ముందు స్టాండు మీద కొత్త మరియమ్మ పటం పెడదామని అచ్చన్ సూచించారు. అందరం ఒప్పుకున్నాం. కొవ్వొత్తులు మాత్రం గోడకు దూరంగా, గాలి తగిలే చోటికి మార్చాం.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ పాత ప్రార్థనా స్థలం మరమ్మతు తీసుకున్నా, చుట్టుపక్కల అదే కాలపు ఇతర కట్టడాల పరిశీలనకు మొదటే సమయం, డబ్బు కేటాయిస్తాను. ఆ జాబితాలో మతం గడి ఉండదు. కట్టినవారు ఎవరు, రాయి ఏది, కప్పు వాలు ఎంత అన్న గడులుంటాయి. కొందరు దాతలకు ఇది వింతగా అనిపిస్తుంది. చర్చికి ఇచ్చిన డబ్బు మసీదు కొలవడానికా అని అడుగుతారు. వాళ్లకు ఈ చర్చి వాసం అతుకు ఫొటో పంపుతాను.

ఇంకొకటి ఆశారుల గురించి. ఆ ముసలాయన తర్వాత ఆ కుటుంబంలో ఈ పని చేసేవారు లేరు, కొడుకులు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. అందుకే గీతలతోపాటు ఆయన వాలును లెక్కగట్టే పద్ధతిని, అతుకు కోసే వరసను వీడియో తీసి ఇడవకకూ మహల్లుకూ ఇచ్చాం.

ఇంకా మిగిలి ఉన్నవి ఇవి. దక్షిణపు గోడ ఆరింది. ఉత్తరపు గోడ కింది వరసలో వానాకాలంలో ఉప్పు ఇంకా పూస్తోంది, అయితే పలచగా. సమాధుల నేలలోంచి వచ్చే నైట్రేట్లు ఒకటి రెండేళ్లలో పోవు. అక్కడ మిగిలిన రంగు మచ్చలకు ఇప్పుడే గట్టి పూత ఇవ్వమని కమిటీ అడుగుతోంది. వచ్చే వేసవిలో రంధ్రాల పొడి మళ్లీ తూచి, తడి తగ్గిందని తేలితేనే ఆ పనికి చేయి వేస్తామని చెప్పాం. అప్పటిదాకా కాగితం పట్టీలు అలాగే ఉంటాయి, సున్నపు పూత అవసరమైనప్పుడల్లా గీకి మళ్లీ వేస్తారు. ఆ పని ఇడవకలోని ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకున్నారు, గుల్ల సున్నం నానబెట్టడం దగ్గర్నుంచి.